ఆరో కుర్చీ

2021 డిసెంబరు. 'స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్' తెలుగు డబ్బింగు ఆట. పక్క సీట్లో మా చెల్లెలి కొడుకు. అప్పటికి పదేళ్లవాడు. ఒళ్లో పాప్‌కార్న్ డబ్బా పెట్టుకుని, తెర మీదికి ఒక్కో విలన్ వచ్చినప్పుడల్లా ఒక్కో వేలు ముడుస్తున్నాడు. డాక్టర్ ఆక్టోపస్, గ్రీన్ గాబ్లిన్, ఎలక్ట్రో, శాండ్‌మ్యాన్, లిజార్డ్. ఐదు వేళ్లూ అయిపోయాయి. రెండో చేతి బొటనవేలు లేపి అలాగే పట్టుకున్నాడు. ఇంటర్వెల్ అయింది, క్లైమాక్స్ అయింది, వేలు మాత్రం దిగలేదు.

"మామయ్యా, ఆరోవాడేడీ?"

ముందు వరసలో ఒకాయన విసుగ్గా వెనక్కి తిరిగి చూశాడు.

పేర్లు పడుతుంటే సగం హాలు లేచిపోయింది. అప్పుడు కనిపించాడు ఆరోవాడు. మెక్సికోలో ఒక బారులో కూర్చుని ఉన్నాడు వెనమ్. ఈ లోకంలో హీరోలెవరు, విలన్లెవరు అని గ్లాసులు పోసే మనిషి చేత పురాణం చెప్పించుకుంటున్నాడు. న్యూయార్క్ వెళ్లి స్పైడర్‌మ్యాన్‌ని ఓసారి కలుద్దామనుకుని లేచేలోపే, వేరే లోకాలవాళ్లను వెనక్కి పంపే మంత్రం పనిచేసి, వచ్చిన లోకానికే తిరుగుటపా అయిపోయాడు. బిల్లు కూడా కట్టలేదు.

"వీడు లెక్కలోకి రాడు" అని మావాడు తీర్పు చెప్పి వేలు దించేశాడు.

వాడి లెక్కలో తప్పేమీ లేదు. స్పైడర్‌మ్యాన్ శత్రువులు జట్టు కట్టారంటే ఆరుగురు ఉండాలి. ఆ జట్టు పేరే 'సినిస్టర్ సిక్స్'. మన వైపు చెప్పాలంటే దుష్టషట్కం. దుర్యోధన, దుశ్శాసన, కర్ణ, శకునులను దుష్టచతుష్టయం అన్నవాళ్లం మనం. ఇంకో ఇద్దరిని కలుపుకోవడం మనకేం కష్టం కాదు. తేడా ఒక్కటే. మన నలుగురి పేర్లు ఎవరిని అడిగినా గడగడా చెప్తారు. ఈ ఆరుగురి పేర్లు అడిగితే మాత్రం ఎదురు ప్రశ్న వస్తుంది: ఏ సంవత్సరంలో?

వంతులవారీ యుద్ధం

1964లో మార్వెల్ సంస్థ 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' మొదటి వార్షిక సంచిక వేసింది. మన వారపత్రికల దీపావళి ప్రత్యేక సంచికలాంటిదన్నమాట. మామూలు సంచిక పన్నెండు సెంట్లయితే ఇది పాతిక సెంట్లు. రెట్టింపు డబ్బు పుచ్చుకున్నాక పాఠకుడి చేతిలో ఏదైనా బరువుగా పెట్టాలి కదా. రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు స్టీవ్ డిట్కో కలిసి పెట్టింది ఇదే: అంతకుముందు విడివిడి సంచికల్లో ఓడిపోయిన ఆరుగురిని ఒకే పుస్తకంలోకి తోలుకొచ్చారు.

ఆ ఆరుగురినీ దగ్గర నుంచి చూస్తే నాకు ఎప్పుడూ ఒకటే అనిపిస్తుంది. వీళ్లలో ఎక్కువమంది చేతిలో పని ఉన్నవాళ్లు. ఎలక్ట్రో అసలు కరెంటు స్తంభాలెక్కే లైన్‌మ్యాన్, పిడుగు తగిలి ఇలా అయ్యాడు. మిస్టీరియో సినిమాల్లో ట్రిక్కులు చేసేవాడు. క్రేవెన్ వేటగాడు. వల్చర్ ఎలక్ట్రానిక్స్ తెలిసిన ముసలాయన, ఎగిరే రెక్కలు తనే తయారుచేసుకున్నాడు. శాండ్‌మ్యాన్ ఒక్కడే పుట్టు రౌడీ. జైలు నుంచి పారిపోయి అణుపరీక్ష జరిగే తీరానికి చేరి, ఒళ్లంతా ఇసుకై తేలాడు. వీళ్లందరినీ కూడగట్టిన డాక్టర్ ఆక్టోపస్ అణుశాస్త్రవేత్త. ప్రయోగంలో ప్రమాదం జరిగి నాలుగు ఇనుప చేతులు నడుముకు అతుక్కుపోయిన మనిషి. కథ మొదలయ్యేసరికి ఆయన జైల్లో, చేతులు ఇంకోచోట ఉన్నాయి. తలుచుకోగానే అవి వాటంతట అవే వచ్చి ఆయన్ని విడిపించుకుపోయాయి. అంతటి మేధావి ఐదుగురిని పోగుచేసి వేసిన పథకం ఏమిటో తెలుసా?

ఒక్కొక్కళ్లం వెళ్దాం.

నిజం. ఆరుగురూ కలిసి ఒక్కసారి మీద పడితే సాలెపురుగు కుర్రాడి పని ఐదు నిమిషాల్లో అయిపోయేది. అందులోనూ ఆ సమయానికి ఆ కుర్రాడు, అంటే పీటర్ పార్కర్, శక్తులు పోగొట్టుకుని ఉన్నాడు, బాబాయ్ బెన్ చావుకు తనే కారణమన్న దిగులుతో. అంతకన్నా మంచి తరుణం దొరకదు. కానీ చంపిన పేరు తనకే రావాలని ఎవడికి వాడికే ఉంది. అందుకని వంతులు వేసుకున్నారు. మొదట ఎలక్ట్రో. కరెంటు వచ్చి తగిలేసరికి పీటర్ ఉలిక్కిపడి పక్కకు దూకాడు, దూకడంతోనే పోయిన శక్తి ఉందని తెలిసింది. తరువాత క్రేవెన్, చిరుతల్ని వెంటబెట్టుకుని. మిస్టీరియో తను రాకుండా ఎక్స్‌మెన్ అనే హీరోల వేషాలు తొడిగిన మరబొమ్మల్ని ముందుకు తోశాడు. శాండ్‌మ్యాన్ గాలి చొరబడని ఇనుప గదిలో తలుపేసుకుని కొట్లాటకు దిగాడు. గాలి అయిపోయి ముందు తనే సొమ్మసిల్లాడు. వల్చర్ సంగతి సరే. చివరికి ఆక్టోపస్ పేద్ద గాజు చేపలతొట్టిలో, నీళ్ల అడుగున. ఒక్కో పోరుకు ఒక్కో నిండుపేజీ బొమ్మ వేశాడు డిట్కో. ఇప్పటికీ ఆ ఆరు పేజీల కోసమే ఆ సంచిక వెతుక్కునేవాళ్లున్నారు.

కురుక్షేత్రం చదివినవాళ్లకు ఇది కొత్తగా ఏం ఉంటుంది? భీష్ముడు సేనాపతిగా ఉన్నన్నాళ్లూ ఆయుధం పట్టనని కర్ణుడు పది రోజులు డేరాలో కూర్చున్నాడు. తీరా ఆయన సేనాపతి అయ్యాక రథం తోలిన శల్యుడు పొద్దస్తమానం సూటిపోటి మాటలు అంటూనే ఉన్నాడు. పదకొండు అక్షౌహిణులున్న జట్టులో ఒకళ్లకొకళ్లు సరిపడకపోతే ఏమవుతుందో మనకు అమెరికావాళ్లు చెప్పక్కర్లేదు.

ఆ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మనిషి విలన్ కాదు, మే పిన్ని. పీటర్‌ని పెంచిన ముసలావిడ. ఆవిడను ఎత్తుకుపోయి ఆక్టోపస్ ఇంట్లో కూర్చోబెట్టారు. ఆవిడకు తనని ఎత్తుకొచ్చారన్న సంగతే తెలియదు. ఈ ఒట్టో (ఆక్టోపస్ అసలు పేరు అదే) ఎవరో గాని ఎంత మర్యాదస్తుడో అనుకుంది. ఆ అభిప్రాయం ఆవిడ ఏళ్ల తరబడి మార్చుకోలేదు. పదేళ్ల తరువాత, 1974లో, ఆవిడకు వారసత్వంగా ఒక దీవి, అందులో అణుకేంద్రం దక్కబోతున్నాయని పసిగట్టి ఆక్టోపస్ పెళ్లికి సిద్ధమయ్యాడు. పెళ్లి పీటల దాకా వచ్చి, ఇంకో రౌడీ ముఠా దూరి రభస చేయడంతో ఆగింది. లేకపోతే హీరోగారికి విలన్ వరసకు బాబాయ్ అయిపోయేవాడు.

చచ్చినవాడి కుర్చీ

మొదటి సంచిక అంతగా ఆకట్టుకున్నాక జట్టును ఏటా దించుతారనుకుంటాం. దించలేదు. 1966లో డిట్కో స్పైడర్‌మ్యాన్‌ను వదిలేసి వెళ్లిపోయాడు. ఆరుగురూ మళ్లీ ఎవరి దోవన వాళ్లు వచ్చి, ఎవరి దోవన వాళ్లు ఓడిపోతూ గడిపారు. సినిస్టర్ సిక్స్ అన్న బోర్డు మళ్లీ వేలాడింది 1990లో, పాతికేళ్లు దాటాక. రచన డేవిడ్ మిషెలినీ, బొమ్మలు ఎరిక్ లార్సెన్.

అప్పటికి రెండు చిక్కులున్నాయి. మొదటిది, క్రేవెన్ చచ్చిపోయాడు.

1987లో జె.ఎం. డిమాటీస్ రాసి మైక్ జెక్ బొమ్మలు వేసిన కథ అది. ఆరు భాగాల్లో వచ్చింది. క్రేవెన్ స్పైడర్‌మ్యాన్‌ను పడగొట్టి బతికుండగానే గొయ్యి తీసి పూడ్చాడు, అతని దుస్తులు తొడుక్కున్నాడు, అతని పని అతనికన్నా బాగా చేయగలనని చూపించాడు. గెలిచాడు. గెలిచాక ఇక వేటాడేదేమీ లేదని తుపాకీతో కాల్చుకున్నాడు. ఈ ఇతివృత్తాన్ని రచయిత అంతకుముందు బ్యాట్‌మ్యాన్ కోసం రాస్తానంటే ఆ పత్రికవాళ్లు వద్దన్నారు. వద్దన్నవాళ్ల పుణ్యమా అని, చిరుతల్ని తోలుకొచ్చే సర్కస్ వేటగాడు కాస్తా పెద్ద విషాదపాత్ర అయ్యాడు. అలా చచ్చినవాణ్ని ముఠా కోసం లేపుకొస్తే ఆ కథ పరువు పోతుంది. కాబట్టి ఆ కుర్చీ ఖాళీ. హాబ్‌గాబ్లిన్ అనే ఇంకో విలన్‌ను తెచ్చి కూర్చోబెట్టారు. ఆయన కూర్చున్నాడే గాని ఆ కుర్చీ ఆయనకు ఎప్పుడూ కాస్త వదులుగానే ఉంది.

రెండో చిక్కు ఇంకా వింతది. శాండ్‌మ్యాన్ మంచివాడైపోయాడు.

అదెలా జరిగిందో కొంచెం ఆగి చెప్పుకోవాలి. 1982లో 'మార్వెల్ టూ-ఇన్-వన్' అనే పత్రికలో ఒక చిన్న కథ వచ్చింది. ఫెంటాస్టిక్ ఫోర్ జట్టులోని రాతి మనిషి బెన్ గ్రిమ్, శాండ్‌మ్యాన్ ఉన్నాడని తెలిసి ఒక బారుకు వచ్చాడు. కొట్లాట ఖాయమని జనం బయటికి పరిగెత్తారు. శాండ్‌మ్యాన్ మాత్రం లేవలేదు. బాగా అలిసిపోయి ఉన్నాడు, ఒక్కడే కూర్చుని బీరు తాగుతున్నాడు. బెన్ కూడా కూలబడ్డాడు. ఇద్దరూ తాగుతూ చిన్ననాటి సంగతులు, చేసిన తప్పులు మాట్లాడుకున్నారు. ఒకడు రాయి, ఇంకొకడు ఇసుక; ఒకే గనిలోంచి వచ్చినట్టుంటారు. అరెస్టు లేదు, ఒక్క దెబ్బ లేదు. అక్కడి నుంచి శాండ్‌మ్యాన్ దారి మళ్లింది. తరువాతి రోజుల్లో ఎవెంజర్స్ అనే హీరోల జట్టులో అదనపు సభ్యుడిగా కూడా పేరు రాయించుకున్నాడు.

1990 కథలో ఆక్టోపస్ ఆయన్ని ఎలా వెనక్కి లాగాడంటే, శాండ్‌మ్యాన్ అద్దెకున్న ఇంటివాళ్లను చంపేస్తానని బెదిరించాడు. పాత జట్టు కోసం పాత రౌడీ మెడ మీద కత్తి పెట్టాల్సి వచ్చింది. వచ్చినవాడు మనసు చంపుకుని వచ్చాడు గనక చివరికి ఎదురు తిరిగాడు. ఆక్టోపస్ ఆయన్ని గాజుగా మార్చేశాడు. ఆ తరువాత ఎరిక్ లార్సెన్ తనే రాసి, తనే బొమ్మలు వేసిన కొనసాగింపులో శాండ్‌మ్యాన్ కుర్చీ గాగ్ అనే పరాయిలోకపు రాక్షసుడికి పోయింది. వాడి గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. భారీగా ఉంటాడు.

ఈ రెండు ఖాళీలూ విలన్ల పోట్లాటల వల్ల రాలేదని గమనించండి. ఒకటి ఒక రచయిత మంచి కథ రాయడం వల్ల వచ్చింది. రెండోది ఇంకో రచయిత ఒక బీరు కొట్టు సన్నివేశం రాయడం వల్ల వచ్చింది. మార్వెల్‌లో రాసేవాళ్లు పదులమంది, పాత్రలు ఉమ్మడి ఆస్తి. ఉమ్మడి కుటుంబంలో ఒక కోడలు సర్దిన అలమర ఇంకో కోడలు తీసి చూసినట్టే. 1999లో అదే జరిగింది. విజార్డ్ అనే మరో విలన్ చేత ఒక యంత్రం పెట్టించి శాండ్‌మ్యాన్‌ను మళ్లీ దుర్మార్గుణ్ని చేశారు. పదిహేడేళ్ల మార్పు ఒక మీట నొక్కుడుతో పోయింది. చదివినవాళ్లలో చాలామంది దాన్ని ఇంకా క్షమించలేదు. నేనూ వాళ్లలో ఒకణ్ని.

అలా చెడగొట్టాక ఆయన చేతికే జట్టు పగ్గాలిచ్చారు. ఈసారి క్రేవెన్ కుర్చీలో ఆయన కొడుకు కూర్చున్నాడు. ఆక్టోపస్ కుర్చీలోకి వెనమ్ వచ్చాడు. వచ్చింది జట్టు కోసం కాదు. లోపలికొచ్చి ఒక్కొక్కళ్లనీ తన్నాడు, శాండ్‌మ్యాన్‌ను అయితే కొరికి ముద్ద తీశాడు. సినిమాలో బారులో కూర్చున్నది వేరే వెనమే అయినా, వీడు లెక్కలోకి రాడన్న మావాడి మాట ఇక్కడ కూడా చెల్లుతుంది.

పేర్లు మారినా అంకె మారదు అనుకుంటే అదీ నిలబడలేదు. 1995లో హాబ్‌గాబ్లిన్ ఏడుగుర్ని పోగేసి 'సినిస్టర్ సెవెన్' అన్నాడు. 2004లో మొదలైన మార్క్ మిల్లర్ కథలో నార్మన్ ఆస్బోర్న్, అంటే అసలు గ్రీన్ గాబ్లిన్, ఏకంగా పన్నెండు మందిని దించాడు. ఇంగ్లిషులో సిక్స్‌కీ, సెవెన్‌కీ 'స' కలిసింది కాబట్టి నడిచింది గాని, ట్వెల్వ్ దగ్గరకొచ్చేసరికి ప్రాస తప్పింది. జనం మళ్లీ ఆరుకే వచ్చారు. అంకెకుండే బలం అది. రాయలవారి అష్టదిగ్గజాలంటే ఎనిమిదిమందే. ఆ ఎనిమిదిమందీ ఎవరెవరన్నదే పండితులు నేటికీ తేల్చుకోలేదు.

సినిమావాళ్లు కట్టిపెట్టిన ఇసుక

1990ల మధ్యలో టీవీలో వచ్చిన స్పైడర్‌మ్యాన్ కార్టూన్‌లో జట్టు పేరు కూడా మారింది, 'ఇన్‌సిడియస్ సిక్స్'. ఆక్టోపస్, మిస్టీరియో ఉన్నారు. మిగతా నలుగురూ రైనో, స్కార్పియన్, షాకర్, కమీలియన్. శాండ్‌మ్యాన్ లేడు, ఎలక్ట్రో లేడు. ఎందుకంటే ఆ రోజుల్లో జేమ్స్ కామెరాన్ తీయబోయే స్పైడర్‌మ్యాన్ సినిమాకు వాళ్లిద్దరూ కావలసినవాళ్లు. ఆ సినిమా రానే లేదు. రాని పెళ్లికొడుకు కోసం అమ్మాయిని ఇంట్లో కూర్చోబెట్టినట్టు, ఇద్దరు విలన్లు ఆ జట్టుకు దూరంగా ఉండిపోయారు. ఆ కార్టూన్ చూసి పెరిగినవాళ్లను అడగండి, రైనో లేని దుష్టషట్కం ఏమిటంటారు. ఏ ఆరుగురు అసలు ఆరుగురన్నది మీరు పుట్టిన సంవత్సరం బట్టి ఉంటుంది.

సోనీ సంస్థ సినిస్టర్ సిక్స్ మీదే ఒక సినిమా తీస్తామని 2013 డిసెంబరులో చెప్పింది. డ్రూ గొడార్డ్‌ను పెట్టుకున్నారు, 2016 నవంబరుకు తేదీ కూడా వేశారు. 2015లో మార్వెల్‌తో కొత్త ఒప్పందం కుదరడంతో అది అటకెక్కింది. ఆ తరువాత వాళ్లు చేసింది ఇంకా తమాషా. జట్టును వదిలేసి, ఆ కుర్చీల్లో కూర్చోదగ్గవాళ్లకు విడివిడిగా సినిమాలు తీశారు. 2018లో వెనమ్, 2022లో మోర్బియస్, 2024లో క్రేవెన్. మోర్బియస్ చివర్లో వల్చర్ ఎగురుకుంటూ వచ్చి, మనలాంటివాళ్లం కలవాలి అన్నట్టు మాట్లాడాడు. కలవలేదు. డిట్కో గీసిన మొదటి కథలో ఒక్కొక్కళ్లం వెళ్దాం అన్నారే, స్టూడియో దాన్నే వ్యాపారసూత్రంగా పెట్టుకుందేమో అనిపిస్తుంది.

2018 స్పైడర్‌మ్యాన్ వీడియోగేమ్‌లో మాత్రం ఆరుగురూ పూర్తిగా దొరికారు: ఆక్టోపస్, ఎలక్ట్రో, వల్చర్, రైనో, స్కార్పియన్, మిస్టర్ నెగెటివ్. 1964 జాబితాతో పోల్చి చూసుకుంటే సగమే పాతవాళ్లు. మావాడు దాన్ని రెండుసార్లు పూర్తిచేశాడు.

ఐదుగురు ఆరుగురు

ఈ మొత్తం వరసలో నాకు బాగా నచ్చిన జట్టు, ఎవరూ భయపడని జట్టు. 2013 నుంచి 2014 దాకా నిక్ స్పెన్సర్ రాసి స్టీవ్ లీబర్ బొమ్మలు వేసిన 'సుపీరియర్ ఫోజ్ ఆఫ్ స్పైడర్‌మ్యాన్'. పదిహేడు సంచికలే. నాయకుడు బూమరాంగ్, ఒకప్పుడు బేస్‌బాల్ బంతులు విసిరేవాడు, ఇప్పుడు తనవాళ్లనే మోసం చేస్తుంటాడు. షాకర్ పిరికివాడు. స్పీడ్ డెమన్ వేగంగా పరిగెత్తుతాడు, అంతే. ఓవర్‌డ్రైవ్ ఏ బండినైనా మార్చేయగలడు. ఐదోది బీటిల్, లా చదివిన అమ్మాయి, పేరుమోసిన గూండా టూంబ్‌స్టోన్ కూతురు. లెక్కపెట్టండి. ఐదుగురే. పేరు మాత్రం సినిస్టర్ సిక్స్.

మొదట్లో ఆరోది ఒకటుండేది. లివింగ్ బ్రెయిన్ అనే పాత మరయంత్రం. 1964లోనే మొదటిసారి కనిపించిన డబ్బా అది. ఈ ముఠా 'సుపీరియర్ స్పైడర్‌మ్యాన్' మొదటి సంచికలో దిగినప్పుడు వెంట ఉంది. ఆ తరువాత అది స్పైడర్‌మ్యాన్ చేతికి పోయింది. మిగిలిన ఐదుగురూ బోర్డు మార్చలేదు. దొంగతనానికి పథకాలు వేస్తారు, ఒకళ్ల వెనక ఒకళ్లు గోతులు తవ్వుతారు, షాకర్‌ను కారు డిక్కీలో పడేస్తారు. ఇంటద్దె కట్టలేని రౌడీల కథ అది. పెద్ద శక్తులేమీ లేకుండా, పెద్ద పేరు తగిలించుకుని బతికేవాళ్లు. మన ఊళ్లలో ముగ్గురు కూర్చుని రాష్ట్రస్థాయి సంఘం అని బోర్డు రాయించినట్టు ఉంటుంది వాళ్ల వాలకం.

అసలు పితలాటకం ఆ 'సుపీరియర్' సంచికలోనే ఉంది. ఆ రోజు వాళ్లను చితకబాదిన స్పైడర్‌మ్యాన్ లోపల ఉన్నది పీటర్ పార్కర్ కాదు. అంతకు ముందు, 2012 చివర్లో వచ్చిన సంచికల్లో, చావు మంచం మీదున్న డాక్టర్ ఆక్టోపస్ తన మనసును పీటర్ ఒంట్లోకి మార్చుకున్నాడు. 'అమేజింగ్' ఏడువందలో సంచికలో పీటర్ మనసు ముసలి ఒంటితో పాటు పోయింది. కాబట్టి ఎర్ర ముసుగు లోపల కూర్చుని ఈ అల్లరిమూకను చూస్తున్నది, 1964లో ఆ పేరు పెట్టి, ఆ కుర్చీలు వేసిన మనిషే. ఎంత మండిందో ఊహించుకోండి. తను స్థాపించిన జట్టు పేరును ఈ చిల్లర దొంగలు వాడుకుంటున్నారు. అదీ షాకర్ లాంటివాణ్ని పెట్టుకుని.

ఈ కథ మొన్నీమధ్య మావాడికి చెప్పాను. ఇప్పుడు పదో తరగతి దాటాడు, మీసాలొస్తున్నాయి. సినిమాలో వేళ్లు ముడిచిన సంగతి గుర్తుచేస్తే సిగ్గుపడ్డాడు. కాని లెక్క మాత్రం వదల్లేదు. రఫ్ నోటు తీసి ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేశాడు. బూమరాంగ్, షాకర్, స్పీడ్ డెమన్, ఓవర్‌డ్రైవ్, బీటిల్. ఆరో అంకె దగ్గర పెన్ను ఆగింది.

"మామయ్యా, అప్పుడు ఆక్టోపస్ కూడా అక్కడే ఉన్నాడు కదా. ఎదురుగా, ముసుగేసుకుని."

"ఉన్నాడు."

"మరి ఆయన్ని కలిపితే ఆరే కదా?"

ఆలోచించి చెప్తానన్నాను. వాడు ఆరో అంకె పక్కన ఆక్టోపస్ అని రాసి, కొట్టేసి, మళ్లీ రాశాడు.